లేని వచనం

మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వకు చదువు రాదు. అయినా కేసముద్రం చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్లలో ఆమెను బైబిలవ్వ అని పిలిచేవాళ్లు. ఇళ్లకు పోయి వాక్యం చెప్పే పనికి ఆమెను పెట్టింది జనగామలో ఉండే మా సంఘం పాస్టరు అయ్యగారు. పొద్దున్నే ఇంత గట్క తాగి, సంచిలో పుస్తకం వేసుకుని, చెప్పులు లేని కాళ్లతో బయలుదేరేది. ఎవరి అరుగు మీదనో కూర్చుని పుస్తకం తెరిచి, పేజీ మీద వేలు పెట్టి, చూపు మాత్రం ఎదుటివాళ్ల మొహాల మీద పెట్టి అధ్యాయాలకు అధ్యాయాలు అప్పజెప్పేది. ఒక్కోసారి పుస్తకం తలకిందులుగా ఉండేది. అది చూసి నేను నవ్వితే, "నేను తలకిందులు సెప్తలేను గద బిడ్డా" అనేది.

అదంతా విని నేర్చిందే. మా తాతకు కాస్త చదువు వచ్చు. అట్ట ఊడిన పాత బైబిలు ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఆయన చదివితే అవ్వ తిరగలి విసురుతూ వినేది. ఆ పుస్తకంలో ఒక్క చోట మాత్రం ఆమె తాటాకు ముక్క పెట్టుకుంది. అది యోహాను రాసిన మొదటి ఉత్తరం, చివరి అధ్యాయం. పరలోకంలో సాక్ష్యం చెప్పేవాళ్లు ముగ్గురని, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అని, ఆ ముగ్గురూ ఒక్కటేనని ఆ పాత పుస్తకంలో అచ్చయి ఉండేది. అవ్వకు అదే ఆధారం, ఎందుకంటే ఏ ఊరికి పోయినా మొదట ఎదురయ్యే ప్రశ్న అదే.

కేసముద్రం మార్కెట్ దగ్గర ఒక సాయబు బట్టలు కుట్టేవాడు. అవ్వ అటు పోయినప్పుడల్లా మిషను ఆపి అడిగేవాడు. "అవ్వా, జర సమజ్ చెయ్యి. ఖుదా ఒక్కడే అంటవు, మల్ల ముగ్గురంటవు. గిదేం లెక్క?" అవ్వ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "పొయ్యికి మూడు రాళ్లు పెడ్తం. మూడు పొయ్యిలంటమా?" ఆయన తల అడ్డంగా ఊపేవాడు, ఆమె తల నిలువుగా ఊపేది. చివరికి ఆయన చాయ్ తెప్పించేవాడు. ఇరవై ఏళ్లు అట్లాగే నడిచింది. ఆయన ఒప్పుకోలేదు, ఈమె తగ్గలేదు, చాయ్ ఆగలేదు. అభిప్రాయం కలవకపోతే మనుషులు విడిపోవాలని అప్పట్లో మాకు తెలియదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం లొల్లి మొదలై బడులు మూతపడ్డాయి. నేను అప్పుడు మానుకోటలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నాను. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది గానీ, మేమంతా మానుకోట అనే అంటాం. పెట్టె సర్దుకుని ఇంటికి వస్తే, ఇంట్లో పాత బైబిలును చెదలు తినేశాయి. అవ్వ దాన్ని ఎండలో పరిచి ఏడుస్తూ కూర్చుంది. నాయిన చనిపోయినప్పుడు కూడా ఆమె అంత ఏడవలేదు. సంగతి తెలిసి జనగామ అయ్యగారు ఒక కొత్త బైబిలు పంపించాడు. నల్ల అట్ట, ఎర్ర అంచు. అవ్వ తాటాకు ముక్క నా చేతికిచ్చి, "అదే తాన పెట్టు బిడ్డా, పెట్టి సదువు" అంది.

చదివాను. ఐదో అధ్యాయం మొదలుపెట్టాను. నేను చదువుతుంటే అవ్వ పెదవులు నాతో పాటే కదులుతున్నాయి. ఆ చోటికి వచ్చేసరికి ఆత్మ, నీళ్లు, రక్తం అనే ముగ్గురు సాక్షులు ఉన్నారు గానీ, పరలోకపు ముగ్గురు లేరు. కింద చూశాను, పేజీ తిప్పి చూశాను. అవ్వ కళ్లు మూసుకుని ఆ మాట కోసం ఎదురుచూస్తోంది. అచ్చు వేసినవాళ్లు ఒక వరుస మింగేశారనుకున్నాను. నాకప్పుడు పదహారేళ్లు. అచ్చు తప్పును నోటితో దిద్దితే పాపమేముంది అనుకుని, పాత పుస్తకంలోని మాట చూడకుండానే చదివినట్టు చెప్పేశాను. అవ్వ మొహం విప్పారింది.

ఆ తర్వాత నెలకోసారి అదే అధ్యాయం చదవమనేది. ప్రతిసారీ నేను ఆ వరుస కలిపి చదివాను.

టీచరు ట్రైనింగు రోజుల్లో ఒకసారి జనగామలో అయ్యగారిని అడిగాను, అచ్చు తప్పును ఎవరికి రాసి పంపాలని. ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి చెప్పాడు. అది తప్పు కాదట. బాగా పాత చేతిరాత ప్రతుల్లో ఆ మాట లేదట. తర్వాతి కాలంలో ఎవరో చేర్చింది లోపలికి వచ్చేసిందట. అది తెలిసి పండితులు తీసేశారట. "దాని మీదనే మన సిద్ధాంతం నిలబడలేదమ్మా. యొర్దానులో కుమారుడు నీళ్లలో ఉంటే, ఆత్మ పావురంలా దిగితే, తండ్రి పైనుంచి మాట్లాడాడు. చివర్న ముగ్గురి పేరున బాప్తిస్మమియ్యమని చెప్పాడు. ఇంకేం కావాలి?" అన్నాడు. అవ్వకు చెప్పనా అని అడిగాను. "ఎందుకు ఆమెను కష్టపెట్టడం" అన్నాడు. నాకూ కావలసింది ఆ మాటే. తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చాను. ఆ నెల కూడా కలిపే చదివాను.

మా అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇల్లెందు బొగ్గు బాయిలో పనికి కుదిరి, ఎనభైల చివర భూపాలపల్లిలో కొత్త బాయి మొదలైతే అక్కడికి మారాడు. క్వార్టర్లు అప్పుడప్పుడే కడుతున్నారు. అక్కడ ఒక చిన్న ప్రార్థన గుంపు ఉండేది. దేవుడు ఒక్కడే, ఆయన పేరు యేసే, ముగ్గురనే మాట మనుషులు కట్టింది అని వాళ్ల బోధ. అన్న వాళ్లలో కలిశాడు. చిన్నప్పుడు పొందిన బాప్తిస్మం చెల్లదని వాగులో మళ్లీ మునిగాడు. ఆ క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, అవ్వ అన్నం ముందు ముగ్గురి పేరున ప్రార్థన చేస్తే కళ్లు తెరుచుకునే కూర్చున్నాడు. తర్వాత కంచం జరిపాడు.

"ముగ్గురికి మొక్కిన అన్నం నేను తిననవ్వా."

అవ్వకు మొదట అర్థం కాలేదు. కూర బాగాలేదేమో అనుకుని గిన్నె మూత తీసి చూసింది.

అన్న అంతా చెప్పాడు. అపొస్తలులు ఎవరికిచ్చినా యేసు పేరుననే ఇచ్చారన్నాడు. త్రిత్వం అనే మాట మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేదన్నాడు. అందులో అబద్ధం లేదు, ఆ మాట నిజంగానే లేదు. అవ్వ ఓపికగా విని, తనకు తెలిసిన ఒక్క వచనం చెప్పింది. అన్న తల దించుకున్నాడు. ఆ వచనం వింటూ పెరిగినవాడే వాడు కూడా.

"ఆ మాట పుస్తకంల లేదవ్వా. నేను సూసిన."

"లేకపోవుడేందిరా? నా బిడ్డ నెల నెలా సదివి ఇనిపిస్తది."

అన్న నా వైపు చూశాడు. నేను చెంబు తీసుకుని నీళ్లకు లేచాను.

"అయితే మా తానికి రా" అన్నాడు అన్న. "అందరి ముందట చెల్లెతోని సదివిపియ్యి. ఉంటే నేను తిరిగొస్త. పిల్లలను గూడ తీస్కొస్త."

అవ్వ నవ్వింది. కొడుకు తిరిగి వచ్చినట్టే అనుకుంది. పక్కింటివాళ్లకు చెప్పింది, సాయబుకు కూడా చెప్పిందట. నెల తర్వాత ఒక ఆదివారం ఇద్దరం రైల్లో వరంగల్ పోయి, అక్కణ్నుంచి పరకాల మీదుగా బస్సు ఎక్కాం. తోవ పొడుగునా ఆమెను వేరే చోట్లకు మళ్లించాలని చూశాను. యొర్దాను సంగతి చెప్పు అవ్వా అన్నాను, చివరి ఆజ్ఞ చెప్పు అన్నాను.

"అవన్ని సుట్టు తిరుగుడు" అంది. "ముగ్గురు కనవడ్డరు, ముగ్గురి పేర్లు సెప్పిన్రు, నిజమే. ఒక్కటే అని యాడున్నది? గీడనే ఉన్నది." సంచి మీద చెయ్యి వేసి తట్టింది.

ఏ చదువూ లేని మనిషి పండితుల కంటే సూటిగా పట్టుకుంది. ఆ పుస్తకం ముగ్గురిని చూపిస్తుంది, కూడిక మాత్రం మనకు వదిలేస్తుంది. ఆ కూడిక సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ కొడుకును పోగొట్టుకోబోతున్న తల్లికి కూడిక సరిపోదు, రాసి ఉన్న మాట కావాలి. అది లేదని చెప్పడానికి నాకు కేసముద్రం నుంచి భూపాలపల్లి దాకా సమయం దొరికింది. పరకాలలో బస్సు అరగంట ఆగింది కూడా. నేను పల్లీలు కొనిచ్చాను.

అన్న క్వార్టరు ముందు పందిరి వేసి చాపలు పరిచారు. ఇరవై మంది దాకా ఉన్నారు. వాళ్ల బోధకుడు బాయిలో పనిచేసే మనిషే. దుర్మార్గుడైతే నాకు ఎంతో బాగుండేది. లేచి అవ్వకు కుర్చీ వేశాడు, మంచినీళ్లు తెప్పించాడు. అవ్వ తాటాకు ముక్క ఉన్న చోట తనే పుస్తకం తెరిచి నాకిచ్చింది. బోధకుడు తన పుస్తకంలో అదే పేజీ తీసి వేలు పెట్టుకున్నాడు. అన్న కూడా తీశాడు.

చదువుతూ పోయాను. ఆ చోటికి వచ్చి ఆగాను. అవ్వ మాత్రం ఆగలేదు. కళ్లు మూసుకుని, గొంతెత్తి, పరలోకపు ముగ్గురిని ఒక్కతే చెప్పేసింది. చెప్పి కళ్లు తెరిచి, గెలిచిన మొహంతో కొడుకు వైపు చూసింది.

బోధకుడు మెల్లగా అన్నాడు. "అమ్మా, ఆ మాట గీ పుస్తకంల లేదు."

"సదువు బిడ్డా" అంది అవ్వ నాతో.

ఉన్నది చదివాను. ఆత్మ, నీళ్లు, రక్తం.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. పందిరి కింద ఎవరూ నవ్వలేదు. అవ్వ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ పేజీ మీద అరచేయి పెట్టి నిమిరింది. చదువు రాని చేతికి ఏం తెలుస్తుంది? తర్వాత నన్ను అడిగింది, "మరి ఇన్నేండ్లు యాడికెల్లి సదివినవు?"

అన్న ఏడుస్తున్నాడు. గెలిచినందుకు కాదు, వాడికి కూడా ఆ వచనం ఉంటే బాగుండేదని అప్పుడు అర్థమైంది. అయినా వాడు మాట మార్చుకునే మనిషి కాదు. అన్నం తిని పొమ్మన్నాడు. ఈసారి అవ్వ తిననంది.

తిరుగు ప్రయాణంలో ఆమె నాతో మాట్లాడలేదు. మరుసటి వారం ఒంటరిగా జనగామ పోయింది. సెలవు పెట్టి వెనకాలే పోయాను. అయ్యగారు నాకు చెప్పినవన్నీ ఆమెకూ చెప్పాడు, పాత ప్రతుల సంగతి, పండితుల సంగతి. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది.

"మీకెర్కనే గద అయ్యగారూ. నా బిడ్డకు ఎర్కనే. ఎండలవడి ఊరూరు తిరిగేదానికి సెప్పొద్దా?"

ఆయన చేతులు జోడించాడు. ఆమె సంచి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. మర్నాటి నుంచి వాక్యం చెప్పడానికి ఏ ఊరికీ పోలేదు. సాయబు ఇంటికి వచ్చి, "ఏందవ్వా, చాయ్ తాగనీకి రావైతివి. నువ్వే సచ్, నేనే ఓడిపోయిన తియ్యి" అన్నాడు. ఆమె నవ్వలేదు. నన్ను చదవమని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను పాఠాలు చెప్పే దంతాలపల్లి బడి నుంచి శనివారం శనివారం ఇంటికి వచ్చేదాన్ని. పక్కన కూర్చుని, చదవనా అవ్వా అంటే గోడ వైపు తిరిగేది. తిట్టినా బాగుండేది. రెండేళ్లు అట్లాగే గడిచి, ఒక ఎండాకాలంలో అవ్వ కన్నుమూసింది.

మా దగ్గర సమాధిలో మన్ను వేసేటప్పుడు ఒక్కొక్కరు మూడు పిడికిళ్లు వేస్తారు. తండ్రి పేరున ఒకటి, కుమారుడి పేరున ఒకటి, పరిశుద్ధాత్మ పేరున ఒకటి. అవ్వ ఊళ్లలో ఎందరి పెట్టెల మీద అట్లా వేసిందో. అన్న వచ్చాడు. ప్రార్థన అయిపోయేదాకా దూరంగా వేపచెట్టు కింద నిలబడి, తర్వాత దగ్గరికి వచ్చాడు. వంగి ఒక్క పిడికెడు మన్ను వేశాడు. చేతులు దులుపుకుని నిలబడ్డాడు.

నావి మూడూ వేశాను. వాడివి రెండు మిగిలాయి. అవి కూడా నేనే వేద్దామని వంగి, మన్ను పిడికిట్లోకి తీసుకున్నాను. అవ్వ కోసం లేనిదాన్ని ఉన్నట్టు చేసే అలవాటు నాది. యాడికెల్లి సదివినవని ఆమె అడిగిన మాట గుర్తొచ్చి, ఆ మన్ను అక్కడే గట్టు మీద వదిలేశాను.