ఎదురుతొట్టిలో మా పాప

నిన్న తమలపాకుల డబ్బా సర్దుతుంటే, ఎండాకాలం సెలవుల్లో నా ముంజేతికి కట్టిన కాగితప్పట్టీ ఒకటి అడుగున కనబడింది. తడ దాటి మద్రాసు దారిన పోతే పిల్లల ఆటల తోట ఒకటి ఉంది, ఈ కాలంవాళ్ళు థీమ్ పార్కు అంటారు. గేటు దగ్గర అందరి చేతులకూ ఇలాంటి పట్టీ చుడతారు, అది ఉంటే లోపల ఏ రాట్నమైనా ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. ఇంటికి రాగానే పిల్లలు వాళ్ళ పట్టీలు తెంపి పారేశారు. నాకు మనసొప్పక, కొత్తిమీర కట్టకు చుట్టడానికైనా పనికొస్తుందని దాచాను. నిన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాక కొత్తిమీర సంగతి మరిచిపోయి, పొయ్యి మీద పాలు పొంగేదాకా అట్లాగే కూర్చుండిపోయాను. నేను చదివింది మూడో తరగతి. రాత వంకరగా ఉంటే నా ఈడువాళ్ళు సర్దుకుని చదువుకోవాలి, చెప్పవలసింది మాత్రం చెప్పక తీరదు.

మమ్మల్ని అక్కడికి తీసుకుపోయింది మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు. తడ దగ్గర కంపెనీలో ఉద్యోగం చేస్తుంది, దానికొక ఏడేళ్ళ కూతురు. మనవరాలి మొగుడు కారు నడిపాడు. మా అమ్మాయికి యాభై దాటాయి, నాకు డెబ్బై దాటి చాలా కాలమైంది. తిరుపతిలో పొద్దు పొడవకముందే బయలుదేరాలని, నేను కోడి కూయకముందే లేచి చింతపండు పులిహోర కలిపి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి, ముందురోజు కాల్చిన నిప్పట్లు డబ్బాకెత్తాను. తీరా గేటు దగ్గర కాపలావాడు మూత తీయించి చూసి బయటి తిండి లోపలికి పోకూడదన్నాడు. "నేను పోవచ్చంట, నా పులిహోర పోగూడదంట, ఇదేం న్యాయం నాయనా" అంటే అతనూ నవ్వాడు గానీ పోనివ్వలేదు. వెనక్కి తిరిగి కారు నీడన గుడ్డ పరుచుకుని కూర్చున్నాం. మా అమ్మాయి అందరికీ విస్తళ్ళు వేసి వడ్డించింది. ఆమె తిన్నదా లేదా అని నేను చూడలేదు. ఆ మాట తర్వాత వస్తుంది.

మనవలతో ఇట్లాంటి చోటికి పోయే నా ఈడువాళ్ళకు నాలుగు ముక్కలు చెబుతాను. ఇంటి తిండి గేటు బయటే తినండి, కానీ అరకడుపే తినండి; నిండుకడుపుతో రాట్నమెక్కినవాళ్ళెవరూ బాగుపడలేదు. కొంగున ఒక నిమ్మకాయ కట్టుకోండి, తిప్పినప్పుడు వాసన చూడటానికి. తల తిరిగితే కళ్ళు మూసుకోకండి, దూరంగా కదలకుండా ఉండే ఏదైనా ఒక దాన్ని, కొండనో గోపురాన్నో చూడండి. పెద్ద పెద్ద ఆటలన్నీ పొద్దున్నే ఎక్కేయాలి, అప్పుడు వరుస చిన్నది. నీళ్ళ ఆటలు ఎండ నెత్తికెక్కాక. చెప్పులు మడమకు వారు కట్టేవే తొడగండి, ఊగే పడవలోంచి ఊడిపడిన చెప్పుల కుప్ప నేను కళ్ళారా చూశాను. ఇవి ఎవరో చెబితే విన్నవి కావు. వయసులో ఉన్నప్పుడు పన్నెండేళ్ళు రాట్నం కింద నిలబడి నేర్చుకున్నవి.

మా ఆయన వడ్రంగి. పెళ్ళయిన కొత్తలో వేపమానుతో సొంతంగా ఒక తొట్ల రాట్నం చేశాడు. ఇప్పటివాళ్ళు జెయింట్ వీల్ అనేదే అది, కాకపోతే మాది నాలుగే తొట్లది, చేత్తో తిప్పేది. ఎండలు ముదిరి గంగజాతర్లు మొదలైతే దాన్ని విప్పి ఎద్దులబండికెత్తి ఐరాల, కార్వేటినగరం, ఇంకా చుట్టుపక్కల ఎక్కడ తిరునాళ్ళయితే అక్కడ నిలబెట్టేవాళ్ళం. ఒకవైపు మా ఆయన, ఇంకొకవైపు మా మరిది నిలబడి కమ్మీ అందుకుని కిందికి లాగేవాళ్ళు. ఊపందుకున్నాక తొట్లు పైకిపోయి కిందికి దిగుతుంటే ఆడపిల్లల కేకలు జాతరంతా వినబడేవి.

నా పని మనుషుల్ని చూడటం. మోటారు లేని రాట్నానికి బరువే ప్రాణం. ఎదురెదురు తొట్లు సరితూగాలి, లేకపోతే ఒకవైపు గుంజి, లాగేవాళ్ళ భుజాలు ఊడిపోతాయి. వరుసలో వచ్చేవాళ్ళను కంటితోనే తూచేదాన్ని. ఈ వడ్లమూట లాంటి రెడ్డమ్మకు ఎదురుగా ఆ బక్కపిల్లలు ముగ్గురు, కొత్త దంపతులకు ఎదురుగా ఇంకో కొత్త దంపతులు. ఒక్కోసారి అంతా సరిపోయి ఒక తొట్టికి మాత్రం ఎవరూ ఉండరు. అందుకని గోనెసంచిలో చుట్టిన నున్నటి రాయి ఒకటి రాట్నం కింద పెట్టుకునేవాళ్ళం. దాన్ని ఎత్తాలంటే మగవాడు చేతిలోని పని ఆపి రావాలి. పైగా తొట్టిలో రాయిని చూస్తే జనం ముఖం తిప్పుకుపోతారు, అదే ఒక పిల్ల నవ్వుతూ కూర్చుంటే పదిమంది పిల్లలు తల్లుల కొంగులు లాగుతారు. అది నాకు తొందరగానే తెలిసింది. మా అమ్మాయికి ఆరేళ్ళు వచ్చిన ఎండాకాలం నుంచి, ఏ తొట్టి తక్కువపడితే ఆ తొట్టిలో ఆమెను కూర్చోబెట్టడం మొదలుపెట్టాను.

మొదట్లో గంతులేసేది. చూసినవాళ్ళంతా, ఎంత అదృష్టవంతురాలమ్మా, రోజంతా ఊరికే రాట్నమెక్కుతుంది అనేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. పోనుపోను పిల్లలో మంచి గుణాలు కనబడసాగాయి. జాతరకు వచ్చిందంటే బొరుగులు కావాలనీ బెల్లపు కమ్మరకట్లు కావాలనీ ఏడ్చేది కాదు, పొద్దున నేను పెట్టిన రాగిసంగటి కూడా సగంలో చాలించేది. పొదుపులో నా పోలికే వచ్చిందని పక్క అంగళ్ళ వాళ్ళతో చెప్పుకుని మురిసేదాన్ని. సాయంత్రం ఎవరూ చెప్పకుండానే తన పావడా తనే ఉతికి రాట్నం గుంజకు ఆరేసేది. ఎంత శుభ్రం, అనుకునేదాన్ని. తొట్టిలో కూర్చుంటే అటూ ఇటూ చూసేది కాదు, కమ్మీ గట్టిగా పట్టుకుని ఎదురుతొట్టినే చూస్తుండేది. మనుషుల్ని చూడటం నేర్చుకుంటున్నది, రేపు నా పని అందుకుంటుంది అనుకున్నాను. నాలుగు ఎండాకాలాలు అట్లా జరిగాయి.

తర్వాత కరెంటు రాట్నాలు వచ్చాయి. వాటి దీపాల వెలుగులో మా వేపమాను రాట్నం వైపు ఎవరూ చూడలేదు. మా ఆయన దాన్ని విప్పి గుమ్మాలు, కిటికీలు చేసి అమ్మేశాడు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళవుతుంది. నున్నగా ఉంది కదా అని ఆ రాయిని మాత్రం నేను పారేయనివ్వలేదు. ఇప్పటికీ మా పెరట్లో ఉంది, దాని మీదే బట్టలుతుకుతాం.

ఆ తోటలో ఆ రోజు నా నియమం ఒక్కటే. పట్టీ కట్టించుకున్నాక ఒక్క ఆట వదిలినా అంతా వృథా, కాబట్టి ప్రతిదీ ఎక్కవలసిందే. ఏడేళ్ళ పసిదానికి గుండ్రంగా తిరిగే గుర్రాలు నచ్చాయి, తెల్ల గుర్రం ఖాళీ అయ్యేదాకా మూడు విడతలు ఆగింది. నాకు నీళ్ళ కాలువలో మెల్లగా తేలిపోయే గుండ్రటి పడవ నచ్చింది; ముసలివాళ్ళకు అదే తగినది, రెండుసార్లు ఎక్కాను. ఊగే పడవ కూడా ఎక్కి, దిగాక నిమ్మకాయ వాసన చూసుకున్నాను. మా అమ్మాయి ఒక్కటీ ఎక్కలేదు. పొద్దున్నుంచీ ఒక సిమెంటు బెంచీ మీద మా సంచులు, చెప్పులు ముందేసుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం మే, పట్టీ కట్టించుకునింది చెప్పులు కాసేదానికా?"

"నాకొద్దులే మా, నువ్వు పో. నేనీడ ఉంటా."

"అవ్వా, అమ్మ ఎప్పుడూ ఇంతే. రాట్నం కింద పెరిగిన మనిషికి రాట్నమంటే పడదు" అని మనవరాలు నవ్వుతూ పసిదాన్ని చెయ్యిపట్టుకుని పెద్ద రాట్నం వైపు తీసుకుపోయింది. తాటిచెట్టుకు రెండింతల ఎత్తుంది అది, గాజు అరల్లాంటి తొట్లు. నేను ఇంకో మాట అనబోతూ మా అమ్మాయి వైపు తిరిగితే ఆమె బెంచీ మీద లేదు. సంచులు వదిలేసి రాట్నం చుట్టూ కట్టిన కమ్మీ దగ్గరకు పోయి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మధ్యాహ్నం ఎండకు జనం పలచబడి ఉన్నారు. తల్లీ కూతురూ ఎక్కిన తొట్టికి సరిగ్గా ఎదురుగా ఉన్నది ఖాళీగా పైకి లేచింది. మా అమ్మాయి ఆ ఖాళీ తొట్టినే చూస్తోంది, రెప్ప వేయడం లేదు. కమ్మీ మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ చూపు, ఆ పట్టు నేనెరుగుదును. నలభై ఏళ్ళకు పైబడి చూడలేదంతే.

"ఏంది పాపా, అట్ల సూస్తా ఉండావు?"

"ఎదురుది కాళీగా ఉండాది మా."

"ఉంటే ఏం, అది మోటారు గదా."

"తెలుసు. తెలిసినా మనసు ఒప్పదు." ఎవరి సంగతో చెబుతున్నట్టు నిదానంగా అంది. "కార్వేటినగరంలో నువ్వే చెప్పినావు గదా మా. నేను దిగితే ఎదురుతొట్లో వాళ్ళు తలకిందులుగా పడతారు, ఆ పాపం నాదేనని."

అప్పుడు గుర్తొచ్చింది. జాతర కిటకిటలాడుతున్న పూట, కడుపులో తిప్పుతుంది దిగుతానని పిల్ల ఏడ్చింది. ఎదుట వరుస నిండా జనం. ఏదో ఒక మాట అనకపోతే దిగిపోతుందని ఆ మాట అనేసి, అక్కడే మరిచిపోయాను. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ దిగుతానని ఏడవలేదు, బుద్ధి వచ్చిందనుకున్నాను. తింటే కక్కుతానని జాతర రోజుల్లో తినేదాన్ని కాదని, అయినా వచ్చేస్తే కింద జనం మీద పడకుండా పావడాలో పట్టుకునేదాన్నని, నేను చూడకముందే ఉతికేసేదాన్నని ఆమె చెబుతుంటే, నేను మురిసిన గుణాలు ఒక్కొక్కటే నా ఎదుటికి వచ్చి నిలబడ్డాయి.

"పెద్దదానివైనాక తెలిసుంటాది గదా, అప్పుడన్నా అడగలేదేం?"

"అడిగి ఏం చేయాల మా. నువ్వు మాత్రం యాడ కుచ్చుంటివి, పొద్దస్తమానం నిలబడే ఉంటివి గదా."

ఆ మాటకు బదులు నన్ను తిట్టి ఉన్నా బాగుండేది. ఎన్నడూ అడగనిది అడిగాను, ఆకలిగా ఉందా పాపా అని. బయటికొస్తే నాకు ఆకలి కాదు మా, అలవాటైపోయింది అంది. పొద్దున కారు నీడన ఆమె ముందు విస్తరి లేదని అప్పుడు తట్టింది.

రాట్నం ఆగి మనవరాలూ పసిదీ దిగేదాకా ఆమె కమ్మీ వదలలేదు. తర్వాత బెంచీకి వచ్చి కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. ఇంకా ఎక్కని ఆటలు ఆరో ఏడో మిగిలాయి, మనవరాలు రెండుసార్లు వచ్చి పిలిచింది, పట్టీ దండగ కదా అవ్వా అని నా మాటే నాకు అప్పజెప్పింది. నేను లేవలేదు. తోట మూసేదాకా అక్కడే కూర్చున్నాను.

ఇప్పటి రాట్నాలకు ఎదురుబరువు అక్కరలేదు. ఒక్క పసిబిడ్డ ఎక్కినా, ఊరంతా ఎక్కినా అది ఒకే తీరుగా తిరుగుతుంది, ఎవరి కోసమూ ఎవరూ ఎదురుగా కూర్చోనవసరం లేదు. కాలం మారిందని నా ఈడువాళ్ళు విచారిస్తుంటారు, ఈ ఒక్క సంగతిలో నేను మాత్రం విచారించను. నా విచారమల్లా వేరు. మొన్న మా అమ్మాయి వచ్చినప్పుడు పెరట్లో ఆ రాయి మీద బట్టలుతుకుతుంటే గడపలో నిలబడి చూశాను. పాప ఏడ్చిన పూట కూడా ఆ రాయి రాట్నం కిందే ఉండింది. ఒక్క కేక వేసి ఉంటే మా మరిది వచ్చి ఎత్తిపెట్టేవాడు.