లేవని వేలు: కూర్మన్నపాలెం నుంచి మధురవాడ వరకు

ఉదయం ఆరింటి పాసింజరు ఆరూ పదికే ఎలమంచిలిలో బయలుదేరింది. నియమానికి అంత దగ్గరగా నడిచినవి ఆ రోజు నాకు మరి ఎక్కువ కనిపించలేదు కాబట్టి, ముందుగా రైలుకి ఒక నమస్కారం.

వెళ్తున్నది విశాఖపట్నంలో టెస్టు మ్యాచ్ మూడో రోజు ఆటకి. పిలిచింది మా అక్క మొగుడు సింహాచలం బావ. ఆయన ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడుపుతాడు. ఆదివారాలు అక్కడి షాపుల మధ్య, అంటే కర్మాగారం విభాగాల మధ్య, జరిగే క్రికెట్ పోటీలకి అంపైరుగా నిలబడతాడు. "టికెట్లు రెండు తీసీసినాను, వచ్చీ బావా" అని ఫోన్ చేశాడు. మా బావ అడక్కుండా టికెట్ కొన్నాడంటే ఇంట్లో ఏదో అయి ఉండాలని అక్కకి ఫోన్ చేశాను.

"ఇంట్లో ఏటీ అవలేదు. గ్రౌండులో అయింది. వారం నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. నువ్వయినా అడుగు" అంది.

ఏడుకి దువ్వాడలో దిగాను. షేర్ ఆటోలో కూర్మన్నపాలెం జంక్షన్‌కి పది నిమిషాలు. నలుగురు కూర్చోవలసిన దాంట్లో ఎనిమిది మందిమి. అందరం కళాశాల విద్యార్థులంత సన్నగా ఉంటే ఇబ్బంది ఉండేది కాదు. జంక్షన్లో బావ ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా జేబులో మడతపెట్టిన పసుపు కాగితం ఒకటి బయటికి కనిపిస్తోంది. ఇడ్లీ బాగుంది, చట్నీ ఇంకా బాగుంది. రెండో ప్లేటు దగ్గర బావ నోరు విప్పాడు.

పోయిన ఆదివారం సెమీఫైనల్. ఒకవైపు బావ పనిచేసే షాపు జట్టు, రెండోవైపు కాంట్రాక్టు కార్మికుల జట్టు. కాంట్రాక్టు వాళ్ళు సెమీఫైనల్ దాకా రావడం అదే మొదటిసారి. షాపు జట్టు గెలవాలంటే మూడు పరుగులు కావాలి, చేతిలో ఒక్కటే వికెట్టు. ఆడుతున్నది దేముడు. ఈ దేముడు ఎవరో చెప్పాలి: క్రేన్ కింద నేల మీద నిలబడి, పైన క్యాబిన్లో ఉన్న మా బావకి చేతి సైగలు చేసేవాడు. పైకెత్తు, దించు, ఆగు. నేల మీద ఏముందో పైనున్నవాడికి సరిగా కనబడదు కాబట్టి ఆ చెయ్యి చెప్పినట్టే క్రేన్ నడవాలి.

"ఎడ్జి తగిలినాది బావా, కీపరు పట్టినాడు. నాకు ఇనబడింది. ఏలు లెగబోతంది. ఈడు నాకాసి సూసి అరసెయ్యి అడ్డంగా ఊపినాడు. ఆగిపోనాను."

"ఎందుకాగావు?"

"పద్నాలుగేళ్ళ నుంచి ఆ సెయ్యి ఊపితే ఆగుతన్నాను మరి."

ఆ తర్వాత బంతికే దేముడు ఫోర్ కొట్టాడు. షాపు జట్టు ఫైనల్‌కి వెళ్ళింది. బంతి వేసిన కుర్రాడు గోవిందు పిచ్ మీదే కూర్చుండిపోయాడట.

జేబులో కాగితం సంగతి అప్పుడు తెలిసింది. కర్మాగారంలో ప్రమాదం త్రుటిలో తప్పితే, తప్పు చేసినవాడే దాన్ని ఒక ఫారం మీద రాసి ఇవ్వాలి. ఏం జరిగింది, ఎవరికి నష్టం, కారణం ఏమిటి, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అని నాలుగు గడులు. రాసినవాడికి శిక్ష ఉండదు. ఈ క్రికెట్ పోటీలకి నియమాలు రాసిందెవరో భద్రతా విభాగం మనిషి కావడంతో అంపైర్లకి కూడా అదే ఫారం పెట్టేశాడు. ఫైనల్ ముందురోజు సాయంత్రం ఏడు లోపు అంపైరే తన తప్పు రాసిస్తే ఫైనల్ రోజు పొద్దున్నే ఆ మ్యాచ్ మళ్ళీ ఆడిస్తారు. పోటీలు మొదలైనప్పటి నుంచి ఆ నియమాన్ని ఎవరూ వాడలేదు. మన దేశంలో అంపైర్లు అంత దోషరహితులన్నమాట.

ఫైనల్ మర్నాడే. బావ మూడు గడులు నింపాడు. 'కారణం' దగ్గర ఖాళీ. దేముడి పేరు రాస్తే సోమవారం అదే దేముడి చెయ్యి చూస్తూ అన్ని టన్నుల ఉక్కు గాల్లోకి లేపాలి. రాయకపోతే గోవిందు వాళ్ళ మ్యాచ్ గోవిందా.

"అందుకే పెద్దోళ్ళు ఎలగ సేత్తారో ఓపాలి సూసి, రాత్తాను" అన్నాడు బావ.

ఆశయం ఉన్నతమైనదే. ఎంచుకున్న బడి గురించే నాకు చిన్న అనుమానం.

ఏడున్నరకి బస్సు. గాజువాకలో నిండింది, ఎన్‌ఏడీ దగ్గర పొంగింది. నా పక్కన పరవాడ మందుల కంపెనీలో నైట్ డ్యూటీ దిగిన మనిషి కూర్చున్నాడు. బావ తలమీద టోపీ చూసి, "మేచ్‌కేటి? ఎవుడు గెలుత్తన్నాడు?" అన్నాడు.

"ఇంకా మూడో రోజేనండీ" అన్నాను.

"మూడ్రోజులైనా తేల్లేదా! మా కాడ బేచి రెండ్రోజులకి తేలకపోతే మేనేజరు ఊరుకోడు" అని, జవాబు కోసం చూడకుండా నిద్రపోయాడు.

తొమ్మిదికి పదిహేను నిమిషాలుండగా మద్దిలపాలెం. అక్కడ బస్సు మారి మధురవాడ స్టేడియం వైపు వెళ్ళాలి. వెళ్ళదలచిన వారికి ఒక సూచన: ఫోన్లో కొన్న టికెట్ టికెట్ కాదు. దాన్ని కౌంటర్లో చూపించి కాగితం టికెట్ తీసుకోవాలి. ఆ వరసలో అరగంట నిలబడితే కాళ్ళు స్టేడియం మెట్లకి అలవాటు పడతాయి. గేటు దగ్గర నా మంచినీళ్ళ సీసా, గొడుగు, బావ దువ్వెన తీసుకున్నారు. దువ్వెనతో ఎవరి వికెట్ పడుతుందో అడగలేదు.

పదికి కూర్చున్నాం. మా పక్క సీటులో ప్రసాదరావు గారని, పోర్టులో రిటైరైన గుడివాడ వైపు పెద్దమనిషి. బైనాక్యులర్, చెవిలో రేడియో, ఒళ్ళో పులిహోర డబ్బా. విదేశం నుంచి వచ్చిన జట్టు బ్యాటింగు చేస్తోంది, మనవాళ్ళు బంతి వేస్తున్నారు.

పదీ ఇరవైకి మొదటి పాఠం. వాళ్ళ బ్యాట్స్‌మన్ బ్యాటుకి బంతి తగిలి కీపర్ చేతిలో పడింది. ఆ చప్పుడు మా స్టాండ్ దాకా వినబడింది. వడ చల్లారిందని గొడవపడుతున్నవాడు కూడా ఆపి తలెత్తాడు. బ్యాట్స్‌మన్ మాత్రం కాలి ప్యాడ్ పట్టీ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాడు. ఆ పట్టీ మీద ఆయనకి ఆ క్షణంలోనే అంత శ్రద్ధ పుట్టింది. అంపైరు తల అడ్డంగా ఊపాడు. మనవాళ్ళకి రివ్యూ అడిగే వీలు లేదు. ఉన్న మూడింటినీ అంతకుముందే మోకాలి పైన తగిలిన బంతులకి ఉదారంగా ఖర్చుపెట్టారు.

"దొంగ వెధవ!" అన్నారు ప్రసాదరావు గారు, పులిహోర పక్కన పెట్టి. "ఔటని తెలిసీ నిలబడతాడా? సిగ్గుండొద్దటండీ?"

స్టేడియమంతా న్యాయం కోసం లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. అరిచానని కూడా నాకు గుర్తు.

ఆ తర్వాత మన కీపర్ ప్రతి బంతికీ అప్పీలు చేశాడు. ప్యాడ్‌కి తగిలినా, తగలకపోయినా, బౌలర్ బూటు లేసు కట్టుకుంటున్నా. నలుగురు ఫీల్డర్లు అంపైరు చుట్టూ చేరి, బాకీ వసూలుకి వచ్చిన వాళ్ళలా నిలబడ్డారు. అవతలివాళ్ళు ఓవరుకొకసారి గ్లవుజులు మార్చారు. ఒకాయనకి కాలు నొప్పి పుట్టింది. భోజన విరామం ప్రకటించగానే అందరికంటే ముందు మెట్లెక్కాడు. సముద్రపు గాలికి నొప్పులు తగ్గుతాయంటారు.

మేం పెరుగన్నం తిన్నాం. పెరుగు ఉన్నట్టు ఆధారాలు దొరికాయి.

ఒంటిగంటా నలభైకి రెండో పాఠం. పొద్దున నిలబడిపోయిన అదే బ్యాట్స్‌మన్ బంతిని ముందుకి కొట్టాడు. మన ఫీల్డర్ ఒకడు ముందుకి దూకి, నేల మీద దొర్లి, వేలు పైకెత్తి పరుగు తీశాడు. అంపైర్లిద్దరూ మాట్లాడుకుని టీవీ గదిలో ఉన్న అంపైరుని అడిగారు. పెద్ద తెర మీద ఆరుసార్లు చూపించారు. ఆరుసార్లూ బంతి గడ్డి మీద పడి, తర్వాతే చేతిలోకి వెళ్ళింది. ఏడోసారి చూపించి ఔటన్నారు.

స్టేడియం ఊగిపోయింది. పొద్దున న్యాయం అడిగిన గొంతులే.

"బంతి నేలకి తగిలిందేమోనండీ" అన్నాను.

"వేళ్ళు కిందున్నాయండీ" అన్నారు ప్రసాదరావు గారు.

"గడ్డి కనబడింది కదా?"

"గడ్డి వేళ్ళ మధ్య నుంచి పైకి లేచిందండీ. ఇక్కడ గడ్డి బలంగా పెంచుతారు."

బ్యాట్స్‌మన్ బౌండరీ దాకా వెళ్ళి, బ్యాటుని తాడుకేసి కొట్టి, ఆకాశం వైపు చేతులెత్తి న్యాయం ఎక్కడుందని అడిగాడు. పొద్దున్నే ప్యాడ్ పట్టీ సర్దుకుంటున్నప్పుడు అది ఆయన పక్కనే ఉంది, గమనించలేదు పాపం. మన ఫీల్డర్‌ని కెప్టెన్ వీపు తట్టాడు. ఇంతమంది కోటీశ్వరులు కలిసి ఇంత చిన్న అబద్ధం కోసం ఇంత కష్టపడటం నేను మరెక్కడా చూడలేదు.

బావ చప్పట్లు కొట్టలేదు. చాలాసేపు తెరకేసే చూస్తూ కూర్చున్నాడు.

"టీవీ గదిలోనోడు కూడా పైనే కదా బావా కూకుంటాడు, మా క్యాబిన్ నాగ," అన్నాడు. "ఆడికీ కింద ఎవుడో సెయ్యి ఊపినాడు."

నాలుగుంపావుకి లేచాం. ఇంకా ఆట ఉందని ప్రసాదరావు గారు వారించారు. చూసింది చాలన్నాడు బావ.

తిరుగు ప్రయాణంలో బస్సు హనుమంతవాక దగ్గర పావుగంట, ఎన్‌ఏడీ దగ్గర అరగంట ఆగింది. గాజువాక చేరేసరికి ఆరూ ఇరవై. బావ నా పెన్ను తీసుకుని, మోకాలి మీద ఫారం పెట్టుకున్నాడు.

"'శబ్దం స్పష్టంగా వినబడనందున' అని రాయి," అన్నాను. "ఎవరి పేరూ అక్కర్లేదు. పని జరుగుతుంది."

"నువ్వు డిగ్రీ సదువుకున్నావు బావా. ఆ టీవీ గదిలోనోడూ సదువుకునే ఉంటాడు."

ఇంక నేను కిటికీలోంచి గాజువాక చూశాను. బావ కుదుపుల మధ్య రాశాడు: 'శబ్దం వినబడింది. బ్యాట్స్‌మన్ దేముడు ఆగమని చెయ్యి ఊపాడు. ఆగకూడని చోట ఆగాను.'

ఏడుకి పది నిమిషాలుండగా గ్రౌండ్ చేరాం. కమిటీ గది ముందు సెక్రటరీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దేముడు ఫైనల్‌కి జెర్సీలు లెక్కపెడుతున్నాడు. దూరంగా పిచ్ మీద సున్నంతో గీతలు గీస్తున్న మనిషిని బావ చూపించాడు. గోవిందు. ఓడిపోయిన జట్టు బౌలరే ఫైనల్‌కి గీతలు గీయాలి. కాంట్రాక్టులో ఆ పని కూడా ఉంది.

సెక్రటరీ ఫారం బయటికే చదివాడు. దేముడు జెర్సీలు వదిలేసి వచ్చాడు.

"ఏట్రా ఇది? నాను ఊపింది నీకు కాదు, అవతలోడికి. రన్నుకి రావొద్దని."

"నాకాసి సూసి ఊపినావు. సరే. బేటుకి తగిలినాదా, నేదా?" అన్నాడు బావ.

దేముడు అటూ ఇటూ చూశాడు. "తగిలినాది."

"మరెల్లలేదేటి?"

"ఔటియ్యడం నీ పని కదరా! నాకెందుకు?"

ఇదే మాటని మ్యాచ్ అయ్యాక మైకు ముందు, మంచి ఇంగ్లీషులో, స్పాన్సర్ల బొమ్మల ముందు చెప్పేవాళ్ళని చాలామందిని విన్నాను. తెలుగులోనే నయం, త్వరగా అయిపోయింది.

సెక్రటరీ గోవిందుని కేకేసి విషయం చెప్పాడు. కుర్రాడు సున్నం చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ విన్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడనీ, బావ చేతులు పట్టుకుంటాడనీ నేను కొంచెం సిద్ధపడ్డాను.

"అప్పుడే ఏలెత్తీసుంటే అయిపోను కదా సార్," అన్నాడు. "రేప్పొద్దున్న ఆరింటికి మళ్ళీ ఆడాలంటే, నాది 'ఏ' షిప్టు, పొద్దున్న డ్యూటీ. ఇప్పుడెవుణ్ణి బతిమాలుకోమంటారు?"

గోవిందు తను గీసిన గీతల వైపు ఓసారి చూసి, బావ వైపు తిరిగాడు.

"ఆడతాం. కానీ అంపైరు మీరొద్దు."

బావ ఫారం వెనక్కి అడిగి తీసుకున్నాడు. మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అన్న గడిలో అంతకుముందు 'జాగ్రత్తగా ఉండవలెను' అని రాసుంది. దాన్ని కొట్టేసి 'అంపైరును మార్చవలెను' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. సెక్రటరీ టైము వేశాడు: ఆరూ యాభై ఆరు.

దేముడు గేటు దాకా మా వెనకే వచ్చాడు. "సోమారం క్రేనెక్కుతావా?" అన్నాడు. అది ప్రశ్నో బెదిరింపో అతనికే తెలియాలి.

"ఎక్కుతాను. నువ్వు సెయ్యి ఊపితే ఆగుతాను. అక్కడ ఆగాలి" అన్నాడు బావ.

మా అక్క చేపల పులుసు పెట్టింది. బావ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను ఎనిమిదింపావు పాసింజరుకి దువ్వాడ వచ్చేశాను. పెట్టెలో ఒకాయన ఫోన్ పెద్దగా పెట్టి ఆ రోజు ఆట విశేషాలు వింటున్నాడు. మన ఫీల్డర్ పట్టని క్యాచ్‌లో గెలవాలన్న కసి కనిపించిందని కోటు వేసుకున్న మాజీ ఆటగాడు ఒకాయన మెచ్చుకున్నాడు.

ఈ వైపు రాదలచిన వారికి చివరిగా రెండు మాటలు. టెస్టు మ్యాచ్ చూడాలంటే మద్దిలపాలెంలో బస్సు మారండి. మైదానం బ్రహ్మాండంగా ఉంటుంది, సీట్లు శుభ్రం, తెర చాలా పెద్దది, దాని మీద ఏం కనబడినా ఎవరికీ పట్టదు. క్రికెట్ చూడాలంటే మాత్రం అంతదూరం అక్కర్లేదు. ఆదివారం పొద్దున్నే కూర్మన్నపాలెంలో దిగి గ్రౌండ్ ఎక్కడని అడిగితే చెబుతారు. టికెట్ లేదు, నీడ కూడా లేదు. బ్యాటుకి తగిలినా కదలనివాళ్ళు అక్కడా ఉన్నారు. కాకపోతే మొహం మీద అడిగితే తగిలిందని ఒప్పుకుంటారు. అంతర్జాతీయ స్థాయికి ఇంకా ఎదగలేదు.