మజ్జిగ తాగి మత్తుకు వెళ్ళిన రోజు

నేను పెంచి చెబుతాను. ఇది ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ నిలదీయరని నా ఆశ. సింగపూర్‌లో మేముండే క్లెమెంటిలో మా లిఫ్టు రెండు నిమిషాలు ఆగితే, రెండు గంటలు గాలాడక అల్లాడామని ఊరంతా చెప్పిన మనిషిని. లిఫ్టులో నాతోపాటు ఉన్నవాళ్ళు కూడా చివరికి అదే నమ్మారు.

ఆ రోజుల్లో సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి చూస్తే కాకులు కూడా "కంపెనీ మారతావా?" అని అడిగేవి. కరోనా వల్ల అందరం ఇంటి నుంచే పని. మూడేళ్ళలో నలభై ఉద్యోగాలు మారాను. ఒకచోటైతే వాళ్ళు పంపిన లాప్‌టాప్ అట్టపెట్టె విప్పకుండానే రాజీనామా చేశాను. జీతం పెరిగేకొద్దీ నాకు కాలు నిలిచేది కాదు. అన్నం ముందు కూర్చుంటే మధ్యలో లేచిపోయేవాణ్ణి. మా బ్లాకు చుట్టూ తిరిగి తిరిగి కాలిబాటని జానెడు లోతున అరగదీశాను.

డాక్టరమ్మ దీన్ని డిప్రెషన్ అంది. డిప్రెషన్ అంటే మంచాన పడి ఉండాలి కదా, నేను పరుగులు పెడుతున్నానే అన్నాను. కొందరిలో ఇలాగే ఉంటుందంది. రెండు రకాల మాత్రలు నెలల తరబడి మింగాను, లాభం లేదు. అప్పుడు కెటామిన్ మాట ఎత్తింది. ఆపరేషన్లకి ఇచ్చే మత్తుమందే, బాగా తక్కువ మోతాదులో, వాళ్ళ కళ్ళెదుట ఎక్కిస్తారు. ఆ తర్వాత మాటలతో చికిత్స. దానికి భార్యాభర్తలిద్దరూ రావాలి.

మత్తుపదార్థాలు తెస్తే మరణశిక్ష అని విమానంలో ఇచ్చిన కార్డు మీద ఎర్రక్షరాలు చదువుకుని ఈ దేశంలో దిగినవాణ్ణి. ఇక్కడే రసీదు ఇచ్చి మరీ మత్తు ఎక్కిస్తారంటే, సంతకం పెట్టేటప్పుడు నా చేతి వణుకు పక్కదేశంలో భూకంపంగా నమోదై ఉంటుంది.

మా ఆవిడ వణకలేదు. "ఇదే ఆఖరండి," అంది. "దీని తర్వాత కూడా మీరు మాతో కుదురుగా ఒక్క పూట భోంచెయ్యలేకపోతే, నేనూ పాపా హౌగాంగ్ వెళ్ళిపోతాం. అక్క గది ఖాళీ చేసి ఉంచింది."

క్లెమెంటి దేశానికి ఈ కొస, హౌగాంగ్ ఆ కొస. మా పాప అప్పటికే తన బొమ్మల సంచీ అక్కడ మంచం మీద పెట్టొచ్చింది, ఇక్కడి తిండి అంగళ్ళ హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల 'చోప్' చేసినట్టు, అంటే ఇది మాదని ముందే పట్టేసుకున్నట్టు.

చికిత్స రోజున పొద్దుటి నుంచీ ఏమీ తినొద్దన్నారు. తినలేదు. చెప్పులు వేసుకుని గుమ్మం దాటబోతుంటే పాప తుమ్మింది. ఒక్క తుమ్ము.

"ఆగండాగండి!" అని కేకేసింది మా ఆవిడ. "కూర్చుని కాసిని నీళ్ళు తాగి బయల్దేరండి."

"అమ్మా, జస్ట్ డస్ట్ లా," అంది పాప ఇక్కడి పిల్లల యాసలో.

"నీ డస్టు నీ దగ్గరుంచుకో. మీ నాన్నకి మందు ఎక్కిస్తారే ఇవాళ!"

కూర్చున్నాను. నీళ్ళకని వెళ్ళిన మనిషికి, ఖాళీ కడుపున ఉట్టి నీళ్ళేమిటనిపించినట్టుంది, మజ్జిగ తెచ్చింది. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. గ్లాసు కాదు, బిందెడు. తుమ్ము దోషం పోయేదాకా తాగాను.

క్లినిక్‌లో నర్సు, నీళ్ళు కాక ఇంకేమైనా తీసుకున్నారా అని అడిగింది. దాచడమెందుకని చెప్పేశాను. మజ్జిగంటే పాలలో లెక్కట. మత్తులో వాంతైతే ప్రమాదమట. నాలుగు గంటలు ఆగాలన్నారు.

"నీ తుమ్ము శాస్త్రం మండా!" అన్నాను.

"ఇచ్చింది నేను. తాగింది ఎవరండీ?"

నాలుగు గంటలు! అక్కడి కుర్చీలోంచి పదకొండువందల సార్లు లేచాను. గాజుతొట్టిలో చేప నన్ను చూసి అలిసిపోయి ఓ మూలకు చేరింది. చివరికి థెరపిస్టు బయటికి వచ్చింది. తల నెరిసిన స్థానికురాలు. మందు తర్వాత పెట్టుకున్న మాటలు ముందే మాట్లాడుకుందాం రమ్మంది. లోపల కూర్చోబెట్టి, మీకేం కావాలని మా ఆవిడని అడిగింది.

మా ఆవిడ ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చేసింది.

"మీరు నవ్విస్తారండి. మీరొస్తే పండగంటారు మా అక్కావాళ్ళు. ఏది నిజమో నాకే తెలీదు. 'పైకి పోతే అక్కడా జాయినింగ్ బోనస్ ఇస్తారేమో' అన్నారు ఆమధ్య. పప్పు వడ్డిస్తూ నేనూ నవ్వాను. అది జోకా, కాదా? గాలి కొట్టని మాట ఒక్కటి చెప్పండి నాకు. ఒక్కటి చాలు."

నేను వెంటనే ఒక జోకు వేశాను. తెలుగు రాని థెరపిస్టుకి కూడా అది జోకని తెలిసిపోయింది. నవ్వలేదు.

తర్వాత మందు ఎక్కించారు. చేతికి సూది, కళ్ళకు గంతలు, చెవుల్లో మెల్లని సంగీతం. మా ఆవిడ మూలన కుర్చీలో కూర్చుంది. తేరుకున్నాక, ఏం కనబడిందని థెరపిస్టు అడిగింది. మా పక్కనున్న బూన్ లే పేట మీదుగా ఆకాశంలో పదిహేడు ఓడలు వెళ్ళాయన్నాను. మొదటి ఓడలో ఏనుగులు, రెండోదాంట్లో పాత మేనేజర్లు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని లేచి నిలబడింది.

నేను ఆగాను. "ఏమీ కనబడలేదే," అన్నాను ఆవిడతో. "కాళ్ళెక్కడున్నాయో తెలీలేదు. భయమేసింది. నువ్వున్నావా, వెళ్ళిపోయావా అని చెవులు రిక్కించి వింటూ పడుకున్నాను. ఆ రోజు పప్పు దగ్గర అన్నది జోకు కాదు."

ఆవిడ బ్యాగు కింద పెట్టి కూర్చుంది.

మారిన ఉద్యోగాలు నాలుగే. మజ్జిగా గ్లాసుడే. అవి అబద్ధాలని నేననుకోను, నా నోరు అంతే. కానీ బ్యాగు కింద పెట్టడం నేను కల్పించింది. ఆ రోజు నేను ఆగలేదు. పదిహేడో ఓడ కూడా పూర్తిగా దాటించాను. మా ఆవిడ నిలబడే విని, నన్ను టాక్సీలో ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, మర్నాడు పాపతో హౌగాంగ్ వెళ్ళిపోయింది.

'ఏమీ కనబడలేదే' అన్న ఆ మాటలు నేను చెప్పింది తొమ్మిది రోజులయ్యాక, వదినగారి ఫ్లాటు ముందు, చెప్పుల అర పక్కన నిలబడి. మందు పనిచేసిందో, ఖాళీ ఇల్లు పనిచేసిందో నాకు తెలీదు. మా ఆవిడ ఇనపగేటు అవతల నిలబడి అంతా విన్నది. తాళం తియ్యడానికి చాలాసేపే పట్టింది.

"మళ్ళీ అలా అనిపిస్తే, అనిపిస్తోందని చెప్పండి. అంతే," అంది. "పాప అన్నం తింటోంది. రండి."

వెళ్ళి కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు లేచాను. రెండుసార్లూ తిరిగొచ్చి కూర్చున్నాను.