నాన్న నమ్మిన మందు

మా వారు పోయి నెల తిరగకముందే పరామర్శకు వచ్చిన ఒకావిడ, కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ, ఫలానా ఊళ్ళో ఒకాయన ఇచ్చే ఆకు పసరు వాడి ఉంటే మనిషి దక్కేవాడేనని, తమ చుట్టాల్లో ఇద్దరికి అలాగే తగ్గిందని చెప్పింది. చెడ్డ మనిషి కాదు, ఏదో ఒకటి చెప్పాలి కనుక చెప్పింది. సికింద్రాబాద్ అవతల యాప్రాల్‌లో మేముండే వైపు ఈ మధ్య అలాంటి వైద్యాల బోర్డులు చాలానే లేచాయి, వాటి ముందు కార్లు కూడా ఆగుతుంటాయి. ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని కూర్చుంటే, నాకు మా వారికంటే ముందు మా అక్క గుర్తుకు వచ్చింది. అరవై ఏళ్ళు దాటిన చావు అది. పాతబడిందనే అనుకున్నాను.

నాన్నది గుంటూరు వైపు. సికింద్రాబాద్‌లో మిషన్ బడిలో సైన్సు చెప్పడానికి వచ్చి, ఇక్కడి అమ్మాయినే చేసుకుని ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో ఆయన భాష ఒకటి, అమ్మ భాష ఒకటి. మందుల విషయంలోనూ అంతే. అమ్మకు ఎవరేం చెప్పినా నమ్మకమే. పాస్టరమ్మ ప్రార్థన చేసి ఇచ్చిన నూనె, దర్గా దగ్గర కట్టించుకొచ్చిన తాయెత్తు, వెల్లుల్లి పాలు, మేకపాలు, అన్నీ ఒకే రోజు ఒకే మనిషి మీద ప్రయోగించగలదు. నాన్నకు వీటిలో ఒక్కటీ గిట్టదు. ఆయన కోపం మందుల మీద కంటే అవన్నీ కలిపి వాడటం మీద ఎక్కువ. ఏది పనిచేసిందో తేల్చాలంటే ఒక్కదాన్నే వాడి చూడాలనేవారు. తరగతిలో పిల్లలకు చెప్పే సూత్రమే ఇంట్లోనూ చెప్పేవారు.

"బిడ్డ లేస్తే చాలు. ఏది లేపిందో నాకెందుకు?" అనేది అమ్మ.

"ఏది లేపిందో తెలియకపోతే రేపు రెండో పిల్లకు ఏమిస్తావు?" అనేవారు నాన్న, నన్ను చూపించి.

అక్కకు పదిహేడో ఏడు. దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. ఊపిరితిత్తుల్లో ఉందని డాక్టరు చెప్పాడు. జబ్బు పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. మా ఈడు వాళ్ళకు ఆ సంవత్సరం, నలభై ఎనిమిది, గుర్తుండే ఉంటుంది. ఇండియన్ యూనియన్ వాళ్ళు నిజాం రాజ్యానికి సరుకులు వచ్చే దారులు బిగించారు. కిరసనాయిలు దొరకదు, ఉప్పు దొరకదు, మందుల షాపుల్లో అరలు ఖాళీ. ఈ జబ్బుకు కొత్తగా ఒక ఇంజక్షన్ వచ్చిందని, అది మదరాసు వైపు కొన్నిచోట్ల ఇస్తున్నారని డాక్టరే చెప్పాడు, అది ఇక్కడికి రాదని కూడా ఆయనే చెప్పాడు. పాలు తాగించండి, పడుకోబెట్టండి అన్నాడు. చివరికి కాడ్‌లివర్ ఆయిలు సీసా కూడా లేదన్నాక, అమ్మ అక్కను బజారు వెనక సందులో ఉన్న హకీంగారి దగ్గరికి తీసుకువెళ్ళింది.

నాన్న అడ్డు చెప్పలేదు. చెప్పడానికి ఆయన దగ్గర ఇంకో దారి లేదు. ఒక షరతు మాత్రం పెట్టారు. నూనె, తాయెత్తు, వెల్లుల్లి అన్నీ మానేయాలి, హకీం మందు ఒక్కటే వాడాలి, వారం వారం అక్క బరువు తూచాలి. హకీంగారి పథ్యమూ అదే కావడం ఆయనకు నచ్చింది. రెండు రకాల మందులు ఒక కడుపులో పడకూడదని హకీంగారి నియమం. కారణాలు వేరైనా ఇద్దరి మాటా ఒకటే అయింది.

మనుషులను తూచే యంత్రం ఆస్పత్రిలో ఉండేది కానీ, అక్కడికి వెళితే జబ్బు పేరు బయటపడుతుందని అమ్మ భయం. అందుకని మా వీధి చివర కట్టెల అడితికి వెళ్ళేవాళ్ళం. కట్టెలు తూచే పెద్ద కాటాలో ఒక వైపు ఇనుప రాళ్ళు, ఇంకో వైపు అక్క. ఆమె గొలుసులు పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, సిగ్గుతో తల వంచుకుని కూర్చునేది. అడితి యజమాని మొదటిసారి పగలబడి నవ్వాడు. "ఏంది సారూ, బిడ్డను సుత కట్టెలెక్క జోకుతున్నవ్? పచ్చి కట్టెనా, ఎండు కట్టెనా?" అన్నాడు. అక్క కూడా నవ్వింది. నాన్న నవ్వలేదు, ముల్లు నిలిచేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డారు.

బరువు పెరిగింది. హకీంగారి లేహ్యంలో బాదం, నెయ్యి, తేనె ఉండేవి. అక్కను మంచం దిగనిచ్చేవాళ్ళం కాదు. పెరగడానికి అది చాలునని ఇప్పుడు అనిపిస్తుంది. జ్వరమూ కొంత తగ్గింది. రెండోసారి తూచినా పెరిగింది, తర్వాతా పెరిగింది. నాన్న మొహం మారిపోయింది. ఆయన జీవితంలో దేన్నీ ఊరికే నమ్మలేదు. దీన్ని మాత్రం ఋజువు చూసి నమ్మారు. పది మందులు నమ్మే మనిషికి ఒకటి వదిలేయడం కష్టం కాదు. ఏదీ నమ్మని మనిషి ఒకదాన్ని నమ్మితే దాని మీద మళ్ళీ అనుమానపడటం అతనికి చేతకాదని నేను నాన్నను చూసే తెలుసుకున్నాను.

సెప్టెంబరులో పోలీసు చర్య వచ్చింది. తిరుమలగిరి వైపు నుంచి మిలటరీ లారీలు వస్తుంటే మా వీధివాళ్ళు దండలు పట్టుకుని పరుగెత్తారు. అంతకు ముందు నెలల్లో రజాకార్ల పేరు చెబితే తలుపులు మూసుకున్నవాళ్ళే వాళ్ళంతా. ఆ సంతోషం తప్పని నేననను. కానీ హకీంగారి సందులో ఆ రోజు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎవరి ఇంటి మీదికి ఎవరు వస్తారో తెలియని రోజులవి. జిల్లాల్లో ముస్లింల మీద జరుగుతున్న వాటి కబుర్లు వినలేకపోయేవాళ్ళం. నాన్న ఒక కుర్చీ మోసుకుని వెళ్ళి హకీంగారి దుకాణం మెట్ల పక్కన వేసుకుని, ఒళ్ళో బడి పిల్లల పేపర్లు పెట్టుకుని దిద్దుతూ కూర్చున్నారు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. మిషన్ బడి సారు కూర్చున్న చోటికి ఎవరూ రాలేదు. ఆయన చేసిన మంచి పనుల్లో ఆ కాపలా అన్నిటికంటే పెద్దదని ఇప్పటికీ అనుకుంటాను. అక్కకు చెడు అక్కడే మొదలైందనీ అనుకుంటాను.

దుకాణం మళ్ళీ తెరిచాక అడితి యజమాని నాన్నను వీధిలో ఆపాడు. "ఇంకా ఆ తుర్కాయన మందే తాగిపిస్తున్నవా సారూ? ఆయన రాజ్యమే పాయె, ఇగ ఆయన మందేం పనిజేస్తది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న ఆ పూటంతా అన్నం తినలేదు. ఆ తర్వాత మందు మానడం అంటే ఆయన దృష్టిలో ఆ నవ్వినవాళ్ళలో చేరడమైంది.

రైళ్ళు నడవగానే బెజవాడ నుంచి బాబాయి వచ్చాడు. నాన్నకు ఒక్కడే తమ్ముడు. మదరాసు వైపు శానటోరియంలో అక్కకు మంచం ఖాయం చేయించుకుని మరీ వచ్చాడు, ఆ కొత్త ఇంజక్షన్ అక్కడ ఇస్తున్నారు. అమ్మ అప్పుడే బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఇదీ వాడాలి, అదీ వాడాలి, అమ్మ పద్ధతి ఎప్పుడూ అదే. నాన్న మాత్రం గుణమిస్తున్న మందును మధ్యలో ఆపడమేమిటన్నారు.

"రెండూ వాడదాం అన్నయ్యా. ఇంజక్షన్ ఇంజక్షనే, లేహ్యం లేహ్యమే. నీ హకీంగారికి ఏం నష్టం?" అన్నాడు బాబాయి.

"అప్పుడు దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?"

"తగ్గిందని తెలిస్తే చాలదా?"

అక్క మంచం మీద నుంచి బాబాయిని, అక్కడ కిటికీ పక్క మంచం ఇస్తారా అని అడిగింది. ఆ మాట ఎవరికీ పట్టలేదు. నాన్న అప్పటికే చెప్పులు వేసుకుని హకీంగారిని అడిగివస్తానని బయలుదేరారు. దారిలో సోడా కొనిపెడతానని నన్ను వెంట తీసుకువెళ్ళారు.

హకీంగారు బక్కపలచటి మనిషి. మోసగాడు కాదు, మహాత్ముడూ కాదు. తన తాత ఇచ్చిన మందును తన తండ్రి ఇవ్వగా, తానూ ఇస్తున్నాడు. నాన్న చెప్పిందంతా విన్నాడు. "రెండు మందులొక్క కడుపుల పడొద్దు మాస్టర్ సాబ్. మీకు భరోసా లేకుంటే తీస్కపోండ్రి. నేనేం పరేషాన్ గాను," అన్నాడు. మామూలుగానే అన్నాడు. కానీ ఆయన గుమ్మంలో అన్ని రోజులు కాపలా కూర్చున్న నాన్న, అదే గుమ్మంలో నిలబడి, నాకు మీ మీద నమ్మకం లేదని ఎలా అనగలరు? అనలేదు. బాబాయి ఒంటరిగా వెళ్ళిపోయాడు. ఆ మంచం ఇంకెవరికో ఇచ్చారు.

చలికాలంలో బరువు ఇంకా పెరిగింది. అక్క చెంపలు నిండాయి, గాజులు బిగిశాయి. అమ్మ ఒకరోజు ఆమె కాలి మీద వేలు నొక్కి, పడిన గుంత పూడకపోవడం చూసి నాన్నను పిలిచింది. కొత్తగా పట్టిన కండ అలాగే మెత్తగా ఉంటుందన్నారు ఆయన. ఆయాసం మొదలయ్యాక తిరుమలగిరి నుంచి మిలటరీ డాక్టరును బతిమాలి తీసుకొచ్చారు. ఆయన ఎక్కువసేపు పరీక్షించలేదు. నాన్న వారం వారం తూకాలు అప్పజెపుతుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపి, ఇది కండ కాదు మాస్టారూ, నీరు అన్నాడు.

అక్క ఆ ఏడు ఈస్టరు చూడలేదు.

హకీంగారు సమాధుల తోటకు వచ్చి, గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాన్న ఆయన వైపు చూడలేదు. ఆ తర్వాత బడికి ఆ సందు మీదుగా వెళ్ళడం మానేసి, స్టేషను చుట్టూ తిరిగి వెళ్ళేవారు. తానే కాపలా కాసిన మనిషికి మొహం చాటేయడం ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలియదు. అడితి యజమాని మాత్రం నేను చెప్పలేదా అని అందరితోనూ అన్నాడు. అతను చెప్పింది మందు గురించి కాదు, కానీ చివరికి అతని మాటే నిజమైనట్టు కనిపించింది. నాన్నకు ఆ అవమానం కూడా మిగిలింది.

పెద్దయ్యాక ఆ జబ్బు గురించి దొరికిన పుస్తకాలు దొరికినట్టు చదివాను. ఆ తొలి రోజుల్లో ఆ ఇంజక్షన్ ఒక్కటే ఇస్తే, చాలామందికి మొదట తగ్గి తర్వాత తిరగబెట్టేదట. కాబట్టి శానటోరియంకు వెళ్ళినా అక్క బతికేదని చెప్పలేను. ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఓదార్పు కలగలేదు. నాన్నకు చెబుదామనుకున్నా, ఆయన అప్పటికి లేరు. చివరి రోజుల్లో ఆయన అమ్మ ఏ పసరు ఇచ్చినా, డాక్టరు ఏ మాత్ర ఇచ్చినా, ఇదేమిటని అడగకుండా మింగేవారు. ప్రశ్నలు వేయడం నేర్పిన మనిషి ప్రశ్నించడం మానేస్తే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు చూశాను.

ఇప్పుడు ఆ జబ్బుకు మాత్రలున్నాయి. కొన్ని నెలలు మింగి, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, తమకది వచ్చిందనే మరిచిపోయిన వాళ్ళు నాకు తెలుసు. మంచి రోజులే. ఇంకొకటి కూడా మారింది. ఈ కాలపు డాక్టర్లు ముందు రోగినే కూర్చోబెట్టి, ఇది జబ్బు, ఇవి దారులు, మీరేమంటారు అని అడుగుతారు. మా రోజుల్లో ఆడపిల్ల జబ్బు పెద్దవాళ్ళ వ్యవహారం. మా ఇంట్లో తన సూత్రం గెలవాలని నాన్న, ఏదో ఒకటి తగలాలని అమ్మ, ఇంజక్షన్ కోసం బాబాయి, తన పథ్యం కోసం హకీంగారు, తన పంతం కోసం వీధి, అందరూ ఆ పిల్ల తల మీదుగా మాట్లాడుకున్నారు. వాళ్ళలో ఆమెను ప్రేమించని వాళ్ళు లేరు, ఆ వీధి తప్ప. ఆమెకు పదిహేడేళ్ళు, చక్కగా చదువుకునేది, మంచీ చెడూ తెలుసు. నువ్వేమంటావు అని ఒక్కరం అడిగి ఉంటే జవాబు చెప్పేది.