నేను మార్చిన పేరు

నా చిన్నప్పుడు నా పేరంటే నాకు చచ్చేంత సిగ్గు. మా తాతయ్య తన తల్లి పేరు తీసుకొచ్చి నాకు ముత్యాలమ్మ అని పెట్టాడు. వేంసూరు పక్కన మా పల్లెలో ముత్యాలమ్మంటే ఏటా కోళ్ళనూ మేకలనూ కోయించుకునే అమ్మవారు. బడిలో మగపిల్లలు నా ముందుకొచ్చి దండం పెట్టి, "కోడి కావాల్నా తల్లీ, యాట కావాల్నా?" అని అడిగేవారు. ఏడ్చి ఏడ్చి ఒకరోజు పొద్దున్నే మా బడి సారు దగ్గరికి వెళ్ళి, నా పేరు సరోజ అని మార్చమన్నాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "అట్లనే" అని హాజరుపట్టీ తెరిచి ఏదో రాశారు. ఇక నా కాలు నేల మీద నిలవలేదు.

మధ్యాహ్నం తాతయ్య నాకు సద్ది తెచ్చాడు. రోజూలాగే గుమ్మంలో నిలబడి ముత్యాలమ్మను పంపమన్నాడు. సారు తలెత్తి, "ఆ పేరుతోటి మా బళ్ళ ఎవ్వరూ లేరు పెద్దయ్యా" అన్నారు.

"గట్లంటరేంది సారూ? పొద్దున నేనే దింపిపోయిన గదా!"

సారు మళ్ళీ తల అడ్డంగా ఊపారు. తాతయ్యకు చూపు సరిగా ఆనదు. సద్దిగిన్నె పట్టుకుని గదంతా వెతుక్కున్నాడు కానీ మూల కూర్చున్న నన్ను పోల్చుకోలేకపోయాడు. ఆయన ముఖంలో అంత భయం నేనెన్నడూ చూడలేదు. పరుగెత్తుకెళ్ళి ఆయన నడుం పట్టుకున్నాను. అప్పుడు సారు హాజరుపట్టీ నాకు చూపించారు. అందులో ముత్యాలమ్మ అనే ఉంది, ఒక్క అక్షరమూ దిద్దలేదు. "పిలిచేటోళ్ళను అడగకుండ పేరు మార్చొద్దు బిడ్డా" అని మాత్రం అన్నారు.

ఆ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను. నిజంగా అర్థమై ఉంటే చెప్పడానికి ఇంకేమీ మిగిలేది కాదు.

పెద్దయ్యాక నేనూ పంతులమ్మనయ్యాను. దుమ్ముగూడెం దాటి అడవిలో ఉన్న ఒక చిన్న బడిలో పనిచేశాను. ఉద్యోగం చివరి ఏడాది ఒక కోయ తల్లి తన కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చింది. బుధవారం పుట్టిందని బుద్రి అని పేరు పెట్టుకున్నారు. నాకు ఆ కోడి వెక్కిరింపులు గుర్తొచ్చాయి. రేపు టౌనులో హాస్టల్‌కు వెళ్తే ఈ పిల్లనూ ఇలాగే ఏడిపిస్తారనుకున్నాను. తల్లిని ఒక్క మాట అడగకుండా భవ్య అని రాసేశాను. చదువు రాని ఆమె వేలిముద్ర వేసి, నాకు దండం పెట్టి వెళ్ళింది. ఎంత మంచి పని చేశానో అని మురిసిపోయాను కూడా.

మొన్న వేసవిలో ఆ పిల్ల ఉండే హాస్టల్ నుంచి ఫోనొచ్చింది. ఐదుగురు పిల్లలు సైన్సు ప్రదర్శనకు జపాన్ వెళ్తున్నారు, పాత టీచర్ని కదా, వచ్చి కాస్త తయారు చేయమన్నారు. రైలు కూడా ఎక్కని పిల్లలు. బల్లలకు తువ్వాళ్ళు కట్టి సీటు బెల్టు పెట్టుకోవడం నేర్పాను. పుల్లలతో అన్నం తినడం నేర్పబోయి నేనే ఓడిపోయాను. అందరిలోకీ చురుకైంది బుద్రి. అద్దంతో ఎండను మళ్ళించి, వానకు ఇప్పపువ్వు పాడవకుండా ఆరబెట్టే పెట్టె ఆమె సొంత ఆలోచన. ఆ పెట్టె వల్లే వాళ్ళందరికీ పిలుపొచ్చింది.

తీరా పాస్‌పోర్టు దగ్గర బుద్రి పని ఆగిపోయింది. ఆధార్‌లో బుద్రి, బడి సర్టిఫికెట్‌లో భవ్య. నేనే ఆఫీసుకు వెళ్ళి ఆ రాత నాదేనని చెప్పుకున్నాను, బతిమాలాను. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "పేరు సరిచేయించుకొని రండి మేడమ్. నెలలు పడ్తది" అంది. ప్రయాణానికి మూడు వారాలే ఉంది.

బుద్రి ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత సులువయ్యేదేమో. తన బదులు వెళ్ళే పిల్లను కూర్చోబెట్టుకుని, అద్దం ఎటు వంచాలో, పువ్వు ఎంత పల్చగా పరచాలో నాలుగు రోజులు ఓపిగ్గా నేర్పింది. చివరి రోజు పెట్టెను అట్టల్లో సర్దుతూ నన్నడిగింది.

"టీచర్, గప్పుడు నా పేరు మంచిగ లేదనుకున్నరా?"

కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. "మంచిగనే ఉండె బిడ్డా. నాకే బుద్ధి లేకపాయె" అన్నాను. ఆమె "అవ్" అని, అట్టలకు టేపు అంటించడంలో పడిపోయింది.

జట్టు జపాన్ నుంచి ఫొటో పంపింది. అందులో బుద్రి పెట్టె ఉంది, దాని పక్కన వేరే పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది. మా సారు ఆనాడు అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మరిచిపోయి చేశానని చెప్పుకోవడానికైనా లేదు.