మగ్గం గుంతలో కాలు

రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి. మాది పోచంపల్లి. చీలమండ అరిగిపోతే డాక్టర్ ఆపరేషన్ చేసి, ఆ ఎముకను మడమ ఎముకతో కలిపి స్క్రూలతో అతికించాడు. ఎముక అతికేదాకా కాలి మీద బరువు వేయొద్దన్నాడు. మగ్గం మీద చీర సగంలో ఉందని, కట్టుతోనే మగ్గం కింద కాళ్లు పెట్టే గుంతలోకి దిగాను.

“డాక్టర్ వద్దన్నడు గదయ్యా!” నా భార్య మొత్తుకుంది.

“నడవద్దన్నడు గని నెయ్యొద్దన్నడానే? కూసుంటె బరువేడ పడ్తది?” అన్నాను.

గుంతలో కాలికింది చెక్కను గట్టిగా తొక్కగానే మడమలో కటుక్కుమంది. నొప్పికి పోగుల మీదికి ఒరిగిపోయాను. ఎక్స్‌రేలో స్క్రూ విరిగినట్టు కనబడింది. మళ్లీ ఆపరేషన్ చేశారు. ఇంటి పనికి తోడు నేత కూడా నా భార్య మీదే పడింది. ఆమె తొక్కుతుంటే మంచం మీద పడుకొని ఆ చప్పుడు వినేవాణ్ణి. “కూసొని తొక్కొచ్చునా సారూ?” అని ఆరోజే డాక్టర్‌ను ఒక్క మాట అడిగితే పోయేది.