అన్సెల్మో కూతురి జ్ఞానతల్లి

సాన్ ఉర్బానోలో ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఒతీలియా టీచరమ్మ సందు మలుపు తిరగడం చూస్తే చాలు, పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టి, మొహానికి ఓ నవ్వు తగిలించుకుని, కుదరదని చెప్పడానికి సాకు వెతుక్కునేవాళ్ళు. ఆవిడ ఏ గుమ్మం తొక్కినా చెప్పేది ఒక్కటే మాట. "నీ కూతురికి బుర్రుంది. సైన్సు చదివించు."

ఊరి బడిలో ఆవిడ భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పేది. మొగుడు బస్సు డ్రైవరు, పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. నోరు మాత్రం దేవుడు ఇద్దరికి సరిపడా ఇచ్చాడు. చిన్నప్పుడు ప్వెబ్లా పట్నంలో చదువుకుని, మా ఊరి నెత్తిన పొగ చిమ్ముతూ కూర్చున్న అగ్నికొండ దోన్ గోయో అదుర్లను కొలిచే బృందంలో చేరాలని వెళ్ళింది. అక్కడి పెద్దమనిషి, "పరికరాల పెట్టెలు మోసుకుని కొండెక్కడం ఆడవాళ్ళ వల్ల కాదమ్మా" అని పంపేశాడు. ఒతీలియా వాళ్ళమ్మా, అమ్మమ్మా కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని ఆ కొండ కిందే తిరిగారన్న సంగతి ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి! ఒతీలియా ఏడవలేదు. ఆ కోపాన్ని మూట గట్టుకుని ఊరికొచ్చి, బడిలో చేరి, వచ్చిన ప్రతి ఆడపిల్లకీ అందులోంచి కాస్త కాస్త పంచిపెట్టింది.

మొదట్లో ఆవిడ గోడ నిండా పేరున్న మహిళా శాస్త్రవేత్తల బొమ్మలు అంటించింది. పిల్లలు వాటిని ఎగాదిగా చూసి, "ఈవిడెందుకు టీచరమ్మా అంత దిగులుగా ఉంది, పెళ్ళి కాలేదా?" అనడిగారు. మర్నాడే బొమ్మలు పీకేసింది. ఆ తర్వాత దోన్ గోయో దగ్గి బూడిద రాలిన రోజున, ఊరంతా తిట్టుకుంటూ చీపుళ్ళు పడుతుంటే, "ఆగండే, ముందు డాబాల మీద పళ్ళేలు పెట్టండి" అని పిల్లల్ని తరిమింది. పళ్ళెంలో పడ్డ బూడిదను తూచి, అయస్కాంతం ఆడించి, అంటుకున్న నల్లరేణువులను వేరే కప్పులో పోయించింది. అన్సెల్మో కూతురు మరిక్రూస్ ఆ రోజు అన్నం కూడా తినకుండా అయస్కాంతం పట్టుకునే కూర్చుంది. అప్పటికి దానికి పన్నెండేళ్ళు.

పదిహేను నిండబోతుండగా మరిక్రూస్‌కి ప్వెబ్లాలోని సైన్సు బళ్ళో సీటొచ్చింది. అక్కడ కొండల చదువు తీసుకున్నవాళ్ళను పంతుళ్ళు స్వయంగా అగ్నికొండ మీదికి తీసుకెళ్తారు. అన్సెల్మో చస్తే పంపనన్నాడు.

"ఏటా దోన్ గోయో పుట్టినరోజుకి కొండ మీదికి సూటూ టోపీ పట్టుకెళ్ళి ఇస్తాం గదా టీచరమ్మా ఆ పెద్దాయనకి. ఇప్పుడు నా కూతురెళ్ళి ఆయన చంకలో జ్వరం కర్ర పెట్టాలంటావా?" అన్నాడు గేటు మూసేస్తూ.

"పెట్టకపోతే ఆయనకి జ్వరమొచ్చిన సంగతి నీ ఇల్లు కాలాక తెలుస్తుంది!" అని ఈవిడ గేటు బయటినుంచి అరిచింది. వారానికోసారి ఇదే తంతు. వీధివాళ్ళకు మంచి కాలక్షేపం.

అలాంటిది ఓ ఆదివారం అన్సెల్మో తెల్లచొక్కా వేసుకుని, భార్య చాయోని వెంటబెట్టుకుని, బుట్టెడు రొట్టెలూ పళ్ళూ ఓ సీసా మెస్కాల్ సారాయీ పట్టుకుని టీచరమ్మ ఇంటికొచ్చాడు.

"పిల్లకి పదిహేనేళ్ళ పండగ చేస్తున్నాం. జోళ్ళ జ్ఞానతల్లివి నువ్వే కావాలి" అన్నాడు, గువ్వలా ఒదిగి.

మా దగ్గర పదిహేనేళ్ళ పండగలో ఒక్కో వస్తువుకీ దాన్ని తెచ్చిపెట్టే ఒక్కో జ్ఞానతల్లి. కేకుకి ఒకరు, కిరీటానికి ఒకరు, బ్యాండుకి ఒకరు. జోళ్ళది అన్నిట్లోకీ పెద్ద పీట. తండ్రి అందరి ముందూ మోకాలి మీద కూర్చుని, కూతురి చిన్ననాటి జోళ్ళు విప్పి, జ్ఞానతల్లి తెచ్చిన ఎత్తు మడమల జోళ్ళు తొడుగుతాడు. అప్పటితో పిల్ల పెద్దదయినట్టు. ఇలా అడిగితే కాదనడం చెంప మీద కొట్టడంతో సమానం. ఒతీలియా మురిసిపోయి బుట్టలోంచి రొట్టె తుంచి నోట్లో వేసుకుంది.

అన్సెల్మో చేతులు నులుముకున్నాడు. "ఇకనించి మీరు నాకు కోమాద్రె, నేను మీకు కొంపాద్రెని. జ్ఞానతల్లికీ కన్నవాళ్ళకీ మధ్య ఈ చుట్టరికం రక్తసంబంధం కన్నా గట్టిది. మన మధ్య ఎత్తిన గొంతు ఉండకూడదు. అంతేనా, కోమాద్రె?"

రొట్టె ఆవిడ గొంతులోనే ఆగిపోయింది. కొంపాద్రెతో తగువు పెట్టుకున్న మనిషి మొహం ఈ ఊళ్ళో ఎవరూ చూడరు. ఒక్క రొట్టెముక్కతో ముందరికాళ్ళకు బంధం వేశాడు, జిత్తులమారి! మొక్కజొన్న పిండిమర దగ్గర ఆడవాళ్ళు ఒకటే నవ్వులు. "టీచరమ్మ నోటికి తాళం వెయ్యడం ఆ మేయరు వల్లే కాలేదు. అన్సెల్మో వేశాడు చూశావా!"

పండగ ముందురోజు ఒతీలియా అన్సెల్మో ఇంటి వంటింట్లో చాయో పక్కన కూర్చుని మోలే పులుసుకి మిరపకాయలు వేయిస్తోంది. బంధుత్వం కలిసింది కాబట్టి వంటింట్లో పీట దొరికింది. మాట మాత్రం మెత్తగానే ఆడాలి.

"కొంపాద్రె మొండివాడే" అంది, మెత్తగా.

"మొండితనం కాదు కోమాద్రె" అంది చాయో. "పెళ్ళికి ముందు ఆయన కొండెక్కేవాళ్ళకి బరువులు మోసేవాడు. ఓసారి పైనుంచి రాళ్ళు కురిశాయి. తనతోపాటు మోసే ఫౌస్తో అక్కడే పోయాడు. శవాన్ని ఈయనే వీపున మోసుకొచ్చాడు. ఎవరికీ చెప్పడు. ఇప్పటికీ కొండ ఉరిమితే లేచెళ్ళి పిల్ల మంచం పక్కన నించుంటాడు."

ఒతీలియా వేయిస్తున్న మిరపకాయలు మాడాయి. ఇన్నేళ్ళూ కాదన్న ప్రతి తండ్రినీ అజ్ఞాని అనే అనుకుంది ఆవిడ. భయపడుతున్నాడేమోనని ఒక్కసారీ అనుకోలేదు. ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పట్నం వెళ్ళొచ్చింది.

మర్నాడు పెరట్లో పందిరి కింద ఊరంతా చేరింది. నీలంరంగు గౌనులో మరిక్రూస్ కుర్చీలో కూర్చుంది. అన్సెల్మో మోకాలి మీద కూర్చుని చిన్ననాటి జోళ్ళు విప్పాడు. ఒతీలియా పెట్టె అందించింది. మూత తీశాడు. లోపల మడమల జోళ్ళు లేవు. చీలమండ దాటి వచ్చే గోధుమరంగు తోలు బూట్లు, మందపాటి అట్టలు, బారెడు లేసులు.

బ్యాండు ఆగిపోయింది. "అయ్యో, పెట్టె మారిందే!" అంది ఎవరో మేనత్త.

"మారలేదు" అంది ఒతీలియా.

అన్సెల్మో చెవులు ఎర్రబడ్డాయి. "ఇవేంటి, కోమాద్రె?"

"కాళ్ళకి తొడిగేవే, కొంపాద్రె. మీరు తెమ్మన్నారుగా" అంది, తేనెలో ముంచిన గొంతుతో. పందిరంతా గొల్లున నవ్వింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా? జ్ఞానతల్లి తెచ్చింది నలుగురిలో తిప్పికొడితే తలకొట్టేసినంత పని.

అన్సెల్మో నవ్వలేదు. బూటు చేతిలోకి తీసుకుని అట్ట వంచి చూశాడు. లోపల వేళ్ళు పెట్టి కుట్లు తడిమాడు. ఎప్పుడో మానేసిన పని చేతులకు గుర్తొచ్చినట్టుంది. నవ్వులు ఒక్కొక్కటే చల్లారాయి.

"ఎక్కుతావా?" అన్నాడు కూతురితో, చిన్నగా.

"ఎక్కుతా నాన్నా."

"భయం లేదూ?"

"ఉంది."

అదే లేదని చెప్పుంటే అన్సెల్మో ఆ పెట్టె మూసేసేవాడే. తలూపి, బూటు తొడిగి, లేసు అల్లడం మొదలుపెట్టాడు. "ఎక్కేప్పుడు చీలమండ దగ్గర కాస్త వదులుంచు. దిగేప్పుడు గట్టిగా లాక్కో, లేకపోతే వేళ్ళు ముందుకు కొట్టుకుంటాయి. రెండు జతల మేజోళ్ళు వేసుకో." చాయో కొంగుతో కళ్ళొత్తుకుంది.

కూతుర్ని లేవదీసి, ఆ తర్వాత తండ్రీకూతుళ్ళు కలిసి ఆడాల్సిన నాట్యానికి వెళ్ళకుండా, అన్సెల్మో ఒతీలియా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సోమవారం మీరే తీసుకెళ్ళి బళ్ళో చేర్చండి, కోమాద్రె. అది కొండెక్కిన రోజున మా ఇంటికొచ్చి, అది దిగేదాకా నా పక్కన కూర్చోండి. దానికేమన్నా అయితే నేను దోన్ గోయోని అడగను. మిమ్మల్నే అడుగుతా."

పంపించు, పంపించు అని ఒతీలియా ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి చెప్పింది. చెప్పి, కాఫీ తాగి, హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయింది. పంపినవాళ్ళు ఆ రాత్రి ఎలా నిద్రపోయారో ఆవిడకెప్పుడూ తట్టలేదు. పందిరి మధ్యలో బరువైన బూట్లతో తడబడుతూ అటూ ఇటూ అడుగులేసి చూసుకుంటున్న మరిక్రూస్ వంక చూసింది. ఆ పిల్ల ఇప్పుడు తన పిల్ల కూడా.

"నన్నే అడగండి, కొంపాద్రె" అంది.